ఉత్తరపు గోడ

ఇంటి వెనక స్ప్రూస్ చెట్లు పోయిన రోజు పొద్దున సిర్కా పెరటి సౌనాలో, ఆవిరిస్నానపు గది పక్క గదిలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతోంది. మార్చి నెల. రాత్రి చలికి మంచు పైపొర గట్టిపడి, మనిషి నడిచినా కాలు దిగబడటం లేదు. ముందు ఏదో బండి చప్పుడు వినిపించింది. దారిమీద మంచు తోసే బండి అనుకుంది. ఆ చప్పుడు దారిన పోకుండా ఇంటి వెనక్కి మళ్లింది. కాసేపటికి పెద్దదేదో మెల్లగా ఒరిగి పడ్డట్టు నేల అదిరింది. గిన్నెలో నీళ్లు వణికాయి.

గుమ్మం దగ్గరున్న భర్త ఐమో బూట్లలో కాళ్లు దూర్చి బయటికి వెళ్లింది. అవి ఆమెకు బాగా పెద్దవి. కట్టుబడిలో ఉన్న కొత్త ఇంటి చట్రం పక్కనుంచి, కాళ్లు ఈడ్చుకుంటూ వెనక వైపుకు చేరింది. చెట్లు కొట్టే పసుపుపచ్చ యంత్రం ఒకటి తన ఇనుప చేత్తో స్ప్రూస్ మొదలును పట్టుకుంది. రంపం ఒక్కసారి కూసింది. చెట్టు పడీ పడకముందే యంత్రం దాన్ని ఉల్లికాడ ఒలిచినట్టు ఒలిచి, ముక్కలు చేసి, పక్కన పేర్చి, తర్వాతి చెట్టు దగ్గరికి కదిలింది. సిర్కా చెయ్యెత్తింది. అద్దాల గదిలో చెవులకు మూతలు పెట్టుకుని కూర్చున్న డ్రైవరు, పలకరిస్తోంది కాబోలనుకుని, తనూ చెయ్యి ఊపాడు.

చెట్ల చివరన కౌకో నిలబడి ఉన్నాడు. ఐమోకు అన్న. ఆ చెట్లున్న నేల అతనిదే. సిర్కాను చూశాడు. టోపీ కిందికి లాక్కుని తల వంచుకున్నాడు. దగ్గరికి రాలేదు.

మధ్యాహ్నానికి, ఇంటి వెనక ఎన్నడూ ఆకాశం లేని చోట ఆకాశం వచ్చింది. ఐమోను పూడ్చి ఇంకా నెల తిరగలేదు.

*

ఆ ఇల్లు సిర్కా గీసిన ఇల్లు.

ఊరి బడి మూతపడినప్పుడు ఆమెకు చేతినిండా ఖాళీ వచ్చిపడింది. పిల్లలు బస్సెక్కి పట్నం బడికి పోయారు. టీచర్లలో చిన్నవాళ్లు వాళ్లతో పాటే పోయారు. సిర్కా మిగిలింది. అప్పటికే పాత ఇంట్లో నేల కింది దుంగలు చెమ్మకు మెత్తబడ్డాయి. వంటింట్లో నడుస్తుంటే కాలికింద నేల పెరుగులా కదిలేది. ఎంత కట్టె వేసినా వేడంతా కప్పులోంచి పోయేది. కొత్త ఇల్లు కట్టాలని ఇద్దరూ ఏళ్లుగా అనుకుంటున్నదే. ఆ శీతాకాలం వంటింటి బల్లమీద పెద్ద కాగితం పరిచి, బడి పిల్లలకు కొలతల పాఠం చెప్పిన స్కేలుతోనే ఆమె మొదటి గీత గీసింది.

ఏ కిటికీ ఎటు చూడాలో, ఏ గోడ ఎంత మందముండాలో పుస్తకాలు చదివి, లెక్కలు వేసి, చెరిపి, మళ్లీ వేసింది. ఇంటి పొడుగు వైపు దక్షిణానికి. పెద్ద కిటికీలన్నీ అటే. చూరు ఎంత ముందుకు రావాలంటే, వేసవి ఎండ కిటికీ అంచు మీదే ఆగిపోవాలి, ఫిబ్రవరి ఎండ మాత్రం నేలమీద పాక్కుంటూ పోయి ఇంటి నడుమనున్న ఇటుక పొయ్యిని తాకాలి. ఆ పొయ్యిలో పొద్దున ఒక్కసారి కట్టెలు కాలిస్తే మర్నాటిదాకా ఇటుకలు వేడి విడుస్తూనే ఉండాలి. గోడల్లో వేడి పోకుండా మూరెడు మందాన చెక్కపీచు. గాలి దూరే సందు ఎక్కడా ఉండకూడదు. మనుషులకు కావలసిన గాలి మాత్రం గొట్టంలో వచ్చి, బయటికి పోయే వెచ్చటి గాలి పక్కనుంచి నడిచి, తనూ వెచ్చబడి లోపలికి రావాలి. ఇంత చలిలో ఇంత తక్కువ కట్టెతో బతికే ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు.

ఇక ఉత్తరం, అంటే ఇంటి వెనక వైపు. పశువుల కొట్టమూ దారీ అటే ఉన్నాయి కాబట్టి గుమ్మం ఉత్తరానికే పెట్టింది. మామూలుగా ఎవరూ పెట్టరు. కానీ ఆ గుమ్మానికి ఎదురుగా కౌకో స్ప్రూస్ చెట్లు వరసకట్టి ఉన్నాయి. చలికాలంలోనూ ఆకు రాలని, తాతల నాటి చెట్లు. ఎంత ఈదురుగాలి వచ్చినా వాటి దగ్గర ఆగి, పైనుంచి దాటి, ఇంటి అవతలెక్కడో దిగేది. చెట్ల కింద దీపం వెలిగించినా ఆరేది కాదు. ఇంటికి అదే కోటు, అని సిర్కా కాగితం అంచున రాసుకుంది కూడా.

అంత జాగ్రత్తగా గీసినదానిలో ఒక్క చోట మాత్రం లెక్కను పక్కన పెట్టింది. ఉత్తరపు గోడలో, తన రాతబల్ల ముందు, ఒక సన్నటి కిటికీ. చెట్లు చూడటానికి.

ఐమో పాలు పితికి వచ్చి, చేతులు తుడుచుకుని, రోజూ ఆ కాగితం మీదికి వంగేవాడు. మాటలు తక్కువ మనిషి. బాగుంది అనేవాడు. కిటికీ గీసిన రోజు మాత్రం చాలాసేపు చూశాడు.

"ఈ కిటికీ అవసరమా?"

"వేడి పోతుందనా? లెక్క వేశాను. మూడు అద్దాలు పెడితే ఏం కాదు. చెట్లున్నాయి కదా."

"చెట్లుంటే సరే."

"ఉండక ఎక్కడికి పోతాయి? లేచి నడిచిపోతాయా?"

ఐమో నవ్వాడు. జావ గిన్నె దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టాడు. ఆ నవ్వును సిర్కా ఎంతో కాలం దాచుకుంది. అతను పోయాక, నిద్ర పట్టనప్పుడు తీసి చూసుకునేవాటిలో అదొకటి.

మరుసటి ఏడాది వేసవిలో పాత ఇల్లు విప్పేశారు. అక్కడ అందరూ చేసేట్టే సౌనాలోకి మకాం మార్చి, ఇంటి పని మొదలుపెట్టారు. శరదృతువులో కౌకో కబురు పెడితే ఊరంతా వచ్చి ఒక్క రోజులో చట్రం నిలబెట్టింది. మంచు పడేలోగా కప్పు పడింది. ఉత్తరపు కిటికీ చట్రాన్ని ఐమో ఎవరికీ ఇవ్వలేదు. కొట్టంలో కూర్చుని తన చేత్తో చిత్రిక పట్టాడు. మూడు అద్దాలూ బిగించి, దుప్పటి చుట్టి, గోడకు ఆనించి పెట్టాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున పాలు పితికే యంత్రం ఎంతసేపటికీ ఆగలేదు. ఆవులన్నిటికీ అయిపోయే వేళ దాటినా తిరుగుతూనే ఉంది. ఏమైందోనని సిర్కా వెళ్లి చూసింది. ఐమో రెండు ఆవుల మధ్య పక్కకు తిరిగి పడుకున్నట్టు ఉన్నాడు. ఆవులు కాలు కదపకుండా నిలబడి ఉన్నాయి.

ఆవులు ఇప్పుడు లేవు. పక్క ఊరివాళ్లు తీసుకుపోయారు. ఇంటికి గోడలు మాత్రం కట్టి తీరాలి. వచ్చే చలికాలానికి గోడలు మూసుకోకపోతే చట్రంలోకి తడి దిగుతుంది. అప్పుడు పట్నంలో ఏదో అద్దె గదికి పోవడం తప్ప సిర్కాకు దారి లేదు. పట్నంలో చచ్చిపోతానని కాదు. అక్కడ తాను ఎవరికీ ఏమీ కాదు.

*

గురువారాలు హెల్వీ దుకాణంలో బఠాణీ సూప్ ఉంటుంది. సామాన్ల అరలకీ కిటికీకీ మధ్య నాలుగు బల్లలు వేసి ఉంటాయి. చెట్లు కొట్టిన వారం సిర్కా అక్కడికి వెళ్లేసరికి కౌకో కూడా ఉన్నాడు. వడ్రంగి ఓయివా ఉన్నాడు. ఇంకో నలుగురైదుగురు ఉన్నారు.

"రా సిర్కా, పొయ్యనా? అడుగంటలేదు ఇవాళ," అంది హెల్వీ.

"నీ సూప్ అడుగంటని రోజు క్యాలెండరులో ఎర్రగా వేస్తారు," అన్నాడు ఓయివా. తర్వాత, గాలిని తేలిక చేద్దామనుకున్నాడో ఏమో, కౌకో వైపు తిరిగాడు. "ఏం కౌకో, మొత్తం ఊడ్చేశావట? ఇప్పుడు మీ వెనకనుంచి చూస్తే ఉత్తర ధ్రువం కనబడుతోందంటున్నారు!"

ఎవరో నవ్వారు. సిర్కా గిన్నె అందుకోలేదు.

"ధ్రువం సంగతి నాకు తెలీదు. దొంగ కనబడుతున్నాడు," అంది. బడిలో వెనక వరసకు వినిపించేలా మాట్లాడే గొంతు అది. "తమ్ముడు బతికుండగా ఆ చెట్లమీద చెయ్యి వెయ్యడానికి ఇతనికి ధైర్యం లేకపోయింది. మట్టి కప్పేదాకా ఆగాడు. ముందు రోజు మా ఇంటికొచ్చి రెండు కప్పుల కాఫీ తాగి వెళ్లాడు. మంచు బాగా గట్టిపడిందన్నాడు. అంతే అన్నాడు."

కౌకో తలెత్తి ఆమెను చూశాడు. కోపం కాదు. ఏదో లెక్క తప్పిందని అప్పుడే తెలిసినవాడిలా చూశాడు.

"నీకు ఐమో..." అని మొదలుపెట్టాడు.

"ఐమో పేరు నీ నోట రానివ్వకు."

కౌకో చెంచా గిన్నెలో పెట్టాడు. లేచి టోపీ పెట్టుకున్నాడు.

"సూప్ బాగుంది హెల్వీ," అని చెప్పి వెళ్లిపోయాడు. గిన్నెలో సగం అలాగే ఉంది.

ఎవరూ సిర్కాను తప్పు పట్టలేదు. ఎవరూ మెచ్చుకోనూ లేదు. మే నెలలో గోడల పనికి రమ్మని ఆమె ఊళ్లో చెప్పినప్పుడు మాత్రం, చట్రం నాడు ఊరంతా వచ్చిన చోటికి ముగ్గురు వచ్చారు. ఆ ముగ్గురిలో ఒకరు మధ్యాహ్నమే నడుం పట్టిందని వెళ్లిపోయారు. పిలవనిచోటికి కౌకో రాడు. అతను లేని చోటికి మిగతావాళ్లు రాలేదు.

వేసవంతా ఓయివాతో కలిసి తానే పని చేసింది. దక్షిణపు గోడ అయ్యింది. తూర్పు అయ్యింది. పడమర అయ్యింది. చెక్కపీచు నింపి, గాలి చొరబడని పొర వేసి, అతుకు అతుకునా వేలితో నొక్కి చూసుకుంది. ఉత్తరపు వైపు పైనుంచి కిందిదాకా టార్పాలిన్ వేలాడదీసింది. గాలికీ వానకీ అని చెప్పింది. అటు చూడనక్కర్లేకుండా ఉండటానికి కూడా.

"టీచర్, లోకంలో అందరూ గాలి కొట్టే వైపు ముందు మూస్తారు," అన్నాడు ఓయివా.

"తెలుసు."

"తెలిసి కూడా చివరికి పెడుతున్నావా?"

"ఓయివా, నీ మేకు వంకర పోతోంది. చూసుకో."

ఓయివా మేకు పీకి సరిచేసి కొట్టాడు.

జూన్‌లో రెండు రోజులపాటు ఆ కొట్టేసిన నేలమీద కౌకో ఒంటరిగా, చేతిలో పొడుగాటి గొట్టంతో, అడుగుకో సారి వంగుతూ తిరగడం టార్పాలిన్ సందులోంచి కనబడింది. ఇంకా ఏం మిగిలిందని వెతుక్కుంటున్నాడు, అనుకుంది. సందు మూసేసి, తాడు గట్టిగా బిగించింది.

*

సెప్టెంబరు చివర్లో మొదటి ఉత్తరపు గాలి వచ్చింది. ఆ గాలిని సిర్కా పెళ్లయి వచ్చిన నాటినుంచీ వింటూనే ఉంది. ఎప్పుడూ చెట్ల పైన, దూరంగా, ఎవరిదో గొడవలా వినిపించేది. ఇప్పుడది నేరుగా ఇంటిమీదికి వచ్చి పడింది. టార్పాలిన్ రోజంతా తెరచాపలా కొట్టుకుని, సాయంత్రం అవుతుండగా తాళ్లు తెంచుకుని ఎగిరిపోయింది. చట్రంలోంచి గాలి ఇంట్లో దూరి, దక్షిణపు కిటికీలను లోపలినుంచి తోసింది.

పొద్దున గాలి తగ్గాక టార్పాలిన్ వెతుక్కుంటూ వెళ్లింది. అది కౌకో నేలలో, మోళ్ల మధ్య చిక్కుకుని ఉంది. చెట్లు పోయాక ఆమె అక్కడ అడుగు పెట్టడం అదే మొదలు.

మొదటి మోడు మీదున్న టార్పాలిన్ కొస లాగింది. కింద మోడు కనబడింది. అంచున చెయ్యి మందాన తెల్లటి కలప. లోపలంతా గోధుమరంగు పొడి. వేలు పెడితే దిగబడింది. పిడికిలి పెడితే పిడికిలి పట్టింది. పక్క మోడు చూసింది. అదీ అంతే. దాని పక్కది నడుమ ఖాళీగా ఉండి, అందులో వాన నీళ్లు నిలిచి, నీళ్లలో ఆకులు నానుతున్నాయి. టార్పాలిన్ వదిలేసి మోడు మోడుకూ తిరిగింది. గట్టిగా ఉన్నవి అక్కడొకటి, ఇక్కడొకటి. మిగతావన్నీ పైకి నిటారుగా నిలబడి లోపల గుల్లయిన చెట్లు.

ఇంకో రెండు శీతాకాలాలు ఆగి ఉంటే అవి గాలిని ఆపేవి కావు. గాలితో పాటే ఇంటిమీదికి వచ్చేవి. అది అర్థం కావడానికి ఆ ఊళ్లో ఎవరికీ పుస్తకం అక్కర్లేదు.

వెనక్కి తిరుగుతుంటే కాలికింద ఏదో సన్నగా విరిగింది. చూస్తే బర్చ్ మొక్క. బెత్తెడుంది. దాని అవతల ఇంకొకటి. కళ్లు అలవాటు పడ్డాక నేలంతా వరసలు కనబడ్డాయి. జూన్‌లో కౌకో మొక్కలు నాటే గొట్టంతో వంగి వంగి చేసిన పని అది. కుళ్ళు పట్టిన నేలలో స్ప్రూస్ మళ్లీ నిలవదు కాబట్టి బర్చ్ పెట్టాడు. బర్చ్‌కు చలికాలం ఆకుండదు. అవి పెరిగి పెద్దయినా, గాలికి అడ్డం కావలసిన నెలల్లో ఉత్త పుల్లలుగా నిలబడి ఉంటాయి.

*

కౌకో వంటింట్లో బల్లనిండా అడవిలో కోసిన ఎర్రటి లింగన్ పండ్లు పోసుకుని ఆకులు ఏరుతున్నాడు. సిర్కా తలుపు తట్టకుండా లోపలికి వచ్చింది. కోటు విప్పలేదు.

"మోళ్లు చూశాను."

"చూశావా."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"కాఫీ పెట్టనా?"

"కౌకో. ఎప్పట్నుంచి?"

కౌకో వేళ్లమధ్య ఆకు ఒకటి పక్కన పెట్టాడు. "మీ బడి మూసిన ఏడాది. క్రిస్మస్‌కి ముందు గాలికి పడమటి మూలది ఒకటి పడింది, గుర్తుందా? లోపలంతా పిండి. దాంతో అనుమానమొచ్చి మిగతావాటికి బరమా పెట్టి చూశాం, నేనూ తమ్ముడూ. ఎక్కడ పొడిచినా పొట్టే వచ్చింది."

"అప్పటికి నేను ఒక్క గీత కూడా గీయలేదు."

"లేదు."

"ఆ తర్వాత కూర్చుని ఇల్లంతా ఆ చెట్ల ఆసరాతో గీశాను. గుమ్మం అటే పెట్టాను. కిటికీ పెట్టాను. రోజూ చూపించేదాన్ని. రోజూ బాగుంది అన్నాడు."

"బాగుందనే అనుకునేవాడు. నాతో కూడా అన్నాడు. బడి పోయినకాణ్ణించీ నువ్వు అన్నం కెలికి లేచిపోయేదానివట. కాగితం పరిచాక మళ్లీ తింటోంది, పాడుతోంది కూడా, ఇప్పుడేం చెప్పను అన్నాడు."

"నేను పాడనే."

"మరి పాడావట."

సిర్కా కుర్చీ వీపు పట్టుకుంది. కూర్చోలేదు.

"నేను చెప్తా, నువ్వు నోరు తెరవకు అన్నాడు," అన్నాడు కౌకో. "పునాదికి ముందే చెప్తానన్నాడు. పునాది పడింది. చట్రం లేచాక అన్నాడు. లేచింది. క్రిస్మస్ పోనీ అన్నాడు. నేల కరిగాక కొడితే కుళ్ళు పక్క చెట్లకీ అంటుకుంటుంది, చలికాలంలోనే కొట్టాలి, ఇంటికి గోడలు లేవకముందే కొట్టాలి. మార్చికని యంత్రానికి చెప్పుకున్నది కూడా మేమిద్దరం కలిసే. అప్పటికి చెప్పేస్తానన్నాడు. ఫిబ్రవరిలో పోయాడు."

"ముందు రోజు నువ్వొచ్చావు కదా."

"చెప్దామనే వచ్చా. నువ్వు కాఫీ పోశావు. ఏమీ అడగలేదు. అడగలేదంటే వాడు చెప్పే ఉంటాడు, తెలిసే ఊరుకుంది అనుకున్నా. మొగుడు పోయిన మనిషి దగ్గర, తెలిసిన మాట మళ్లీ ఎందుకు కెలకడం అని మంచు గురించి మాట్లాడా."

"నువ్వేదో చెప్పాలనొచ్చి చెప్పలేకపోతున్నావనుకున్నాను. ఐమో పోయిన బాధ గురించి. అందుకే అడగలేదు."

కౌకో చెయ్యి చాచి కాఫీ గిన్నెను పొయ్యి మీదికి జరిపాడు.

"మరి హెల్వీ దుకాణంలో?"

"అక్కడ అర్థమైంది, వాడు చెప్పలేదని."

"అప్పుడైనా చెప్పొచ్చు కదా!"

"ఏమని?" కౌకో గొంతు మొదటిసారి లేచింది. "సూప్ తాగేవాళ్లందరి ముందూ, మీ ఆయన రెండేళ్లు నిన్ను ఉత్తుత్తి చెట్లమీద ఇల్లు గీయించాడు అని చెప్పనా? వాడి మీద మట్టి ఇంకా కుదురుకోలేదు అప్పటికి."

"తర్వాత? వేసవంతా? గోడ దూరం కూడా లేదు మన మధ్య."

"నువ్వు టార్పాలిన్ కట్టావు."

కౌకో లేచి రెండు కప్పుల్లో కాఫీ పోసి, ఒకటి ఆమె ముందుకు తోశాడు.

"ఎందుకు చెప్పలేదు నాకు?" అంది సిర్కా. "నువ్వు కాదు. అతను."

"నన్నడుగుతావేం?"

"ఇంకెవర్ని అడగను?"

కౌకో తన కప్పులోకి చూశాడు. "ఒక మాట అంటా టీచర్. కోపమొస్తే రానీ. నీతో ఎవరైనా ఏదైనా చెప్పాలంటే, నోట్లోంచి రాకముందే మనసులో ఓసారి దిద్దుకోవాలి. లేకపోతే నువ్వు దిద్దుతావు. వాడికి చిన్నప్పట్నుంచీ దిద్దుకోవడం చాతకాదు. ఊరుకోవడమే చాతయింది."

చెట్లుంటే సరే, అన్న గొంతు సిర్కాకు వినిపించింది. అతను దిద్దుకుని, దిద్దుకుని, చివరికి చెప్పగలిగింది ఆ రెండు మాటలే. దానికి తానేమన్నదో గుర్తొచ్చింది. అతను నవ్వాడు. ఆ నవ్వును ఇన్నాళ్లూ ఎంత ప్రేమగా తీసి చూసుకుందో గుర్తొచ్చింది. ఇకమీద దాన్ని అలా చూసుకోవడం కుదరదు.

"అయితే తప్పు నాదంటావా?"

"కాదు. వాడిది. కొంత నాది. నీకు కూడా కావాలంటే, ఎంత కావాలో అంత తీసుకో. నేను పంచి పెట్టను."

ఆమె కప్పు ముట్టుకోలేదు. "గురువారం దుకాణానికి వస్తాను," అంది. "నిన్ను దొంగ అన్నమాట అక్కడే వెనక్కి తీసుకుంటాను."

"తీసుకుని ఏం చెప్తావు? చెట్లు ఎందుకు కొట్టాడో మరి అని అడుగుతారు. ఐమో దాచాడని చెప్తావా?"

"నిజం అదే కదా."

"వద్దు. వాడు లేచొచ్చి తన మాట చెప్పుకోలేడు. నన్నేమన్నా నాకు నష్టం లేదు. గురువారం గురువారం వెళ్తూనే ఉన్నాగా, సూప్ తాగుతూనే ఉన్నాగా."

అది అబద్ధం. మార్చి తర్వాత కౌకో తన దుకాణం గడప తొక్కలేదని, ఉప్పు కావాలన్నా పెట్రోలు బంకు దాకా పోతున్నాడని హెల్వీ ఎప్పుడో చెప్పింది. ఆ మాట అప్పుడు సిర్కాకు సంతోషం కలిగించింది.

తలుపు దగ్గర ఆమె ఆగింది. "ఇల్లు ఇప్పుడు ఏం చెయ్యాలి?"

కౌకో మళ్లీ పండ్ల దగ్గర కూర్చున్నాడు. "గుమ్మం తూర్పుకి తిప్పు. ఉత్తరపు గోడ పొడుగునా కట్టెల కొట్టం కట్టు. గాలి ముందు కట్టెలకి తగుల్తుంది. మిగిలింది నీ గోడ చూసుకుంటుంది." ఒక ఆకు ఏరాడు. "కిటికీ మాత్రం ఉండదు."

*

ఆ శనివారం సిర్కా ఐమో సమాధి దగ్గరికి వెళ్లలేదు. పోయిన శనివారాలన్నీ వెళ్లింది. అక్కడి హీదర్ పూలకు నీళ్లు పోసి, రాయి తుడిచి, ఇంటి పని ఎంతవరకు వచ్చిందో చెప్పి వచ్చేది. ఈసారి చెప్పడానికి ఉన్నవన్నీ అడిగే మాటలే. రాతిని అడగడం ఆమెకు చేతకాలేదు. బతికున్న మనిషి మీద అలిగితే సాయంత్రానికి ఏదో ఒకటి తేలుతుంది.

తూర్పు గోడలో గుమ్మం కోసం తానే మూసిన చెక్కలను తానే ఊడదీసింది. నొక్కి నొక్కి చూసుకున్న పొరను కత్తితో కోసింది. కొత్త కొలతలు కాగితం మీద వెయ్యలేదు. చెక్క ముక్క మీద పెన్సిలుతో గీసి ఓయివాకు ఇచ్చింది.

"ఇదేంటి టీచర్, లెక్కలన్నీ మారిపోయాయి?"

"మారాయి."

"ఎందుకని?"

"చెట్లు లేవు కదా."

"అవి మార్చి నుంచీ లేవు," అన్నాడు ఓయివా. ఆమె ముఖం చూసి రంపం అందుకున్నాడు.

తర్వాతి వారం, మొదటి మంచు పలచగా పడ్డ పొద్దున, కౌకో ట్రాక్టరు నిండా చెక్క పలకలు వేసుకుని వచ్చాడు. ఎవరూ పిలవలేదు. దిగి, చేతి తొడుగులు వేసుకుని, ఉత్తరం వైపు మొదటి పలక ఎత్తి పట్టుకున్నాడు. ఓయివా నోరు తెరిచి సిర్కా వైపు చూశాడు.

"మేకులు అందించు," అంది సిర్కా.

మధ్యాహ్నం దాకా ముగ్గురూ పని చేశారు. అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. పట్టు, వదులు, కొంచెం పైకి. కింది వరసలు పూర్తయ్యాయి. కిటికీ కోసం చట్రంలో ఐమో కోసిపెట్టిన చోటికి వచ్చేసరికి కౌకో సుత్తి దించాడు. అందులోంచి మోళ్లూ, వాటిమీద మంచూ, అవతల ఏ అడ్డూ లేని బయలూ కనబడుతున్నాయి.

"ఇక్కడ ఏం చెయ్యమంటావు?"

సిర్కా ఆ కంతలోకి చూసింది. కొట్టంలో దుప్పటి చుట్టి పెట్టిన చట్రం గుర్తొచ్చింది. చెట్లుండవని తెలిసే అతను దాన్ని చిత్రిక పట్టాడు. మూలలు ఎంత నున్నగా ఉన్నాయంటే గోరు ఆగదు. అది ఆమెకు ఇచ్చినదో, ఆమెనుంచి దాచినదో ఆమెకు తేలలేదు.

"ఇవాళ్టికి ఉండనీ," అంది.

కౌకో ఆ కంత మీద ప్లాస్టిక్ పట్టా బిగించి, చుట్టూ మేకులు కొట్టాడు. సామాను సర్దుకుని, ట్రాక్టరు ఎక్కే ముందు, "గురువారం పలకలు ఇంకొన్ని తెస్తా," అన్నాడు.

"గురువారం సూప్ రోజు."

"ఆ. అందుకే. నువ్వటు పోకుండా."

మంచు మీద ట్రాక్టరు జాడ పడింది. సిర్కా సౌనాలోకి వెళ్లి పొయ్యి వెలిగించింది.

ఉత్తరపు గోడ సగం వరకు లేచింది. పై సగం ఇంకా కట్టలేదు. కట్టెల కొట్టానికి గుంజలు పాతలేదు. ఐమో చేసిన కిటికీని బిగించలేదు, పారవెయ్యనూ లేదు. హెల్వీ దుకాణంలో నలుగురి ముందు అన్నమాటను నలుగురి ముందు వెనక్కి తీసుకోవడం ఇంకా జరగలేదు.